ఊరి అన్నం

మా మనవరాలు బొమ్మలు గీస్తుంది. మనవడు కథలు కడతాడు. ఈ రెండు మాటలు ఎవరితోనైనా చెప్పేటప్పుడు నా గొంతులో వచ్చే మార్పు నాకు తెలుస్తూనే ఉంటుంది. దాన్ని దాచుకోవాలని అనుకోను. ఈ వయసులో మనిషికి దొరికే సంతోషాల్లో అది పెద్దది.

విన్నవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది: ఎవరి పోలిక? మా అమ్మ వేసిన ముగ్గు చూడ్డానికి వీధి వీధంతా వచ్చేదని ఒకరు గుర్తుచేస్తారు. మా ఆయన తరఫున నాటకాలాడినవాళ్లు ఉన్నారని ఇంకొకరు అందుకుంటారు. అందరం తృప్తిగా తలలూపుతాం. అసలు కంటే వడ్డీ ముద్దని ఊరికే అనలేదు. కానీ ఆ సామెతలో ప్రేమతో పాటు, పెట్టుబడంతా మనదేనన్న ధీమా కూడా ఉంది. పిల్లల్లో కనిపించే కళ నిజంగా ఇంటి సొత్తేనా? విజయనగరంలో ఉండేవాళ్లు దీనికి జవాబు కోసం దూరం పోనక్కర్లేదు.

1919లో మహారాజు విజయరామ గజపతిరాజు ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. కొలువులో ఒక ఉద్యోగి కొడుక్కి చూపు లేదు, ఆ పిల్లాడికి సంగీతం చెప్పించాలన్న తలంపే కాలేజీ అయిందని ఊళ్లో చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ వాయించింది విని, ఆయన్ని అక్కడే ఆచార్యుడిగా నియమించారు. ఈ ఊరి బిడ్డ పి.సుశీల నేర్చుకున్నదీ ఆ కాలేజీలోనే. పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లినప్పుడు ఘంటసాల కూడా ఇక్కడే చదువుకున్నారని చెప్పాను. మనవడు ఒక్క క్షణం ఆలోచించి, "ఆయన వాళ్ల అమ్మమ్మగారిల్లు ఈ ఊళ్లోనా?" అన్నాడు.

కాదు. ఆయనది కృష్ణా జిల్లా. 1922లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. వేలికున్న ఉంగరం అమ్ముకుని విజయనగరం వచ్చేసరికి కాలేజీకి వేసవి సెలవులు.

"మరి ఎవరింట్లో ఉన్నాడు? అన్నం ఎవరు పెట్టారు?"

పిల్లలు అడగాల్సిన ప్రశ్నే అడుగుతారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు పైసా పుచ్చుకోకుండా పాఠం చెప్పారు. అన్నం ఊరు పెట్టింది. భుజాన జోలె కట్టుకుని, మధూకరానికి ఇల్లిల్లూ తిరిగి, ఆ అన్నంతో చదువుకున్నారు ఘంటసాల. జోలెలో ఇంత అన్నం వేసిన ఇల్లాళ్లలో చాలామంది పేర్లు ఎవరికీ తెలియవు. గుమ్మంలో నిలబడ్డ పిల్లాడి గొంతులో ఏముందో వాళ్లలో ఎందరికి తెలుసు? చదువుకునే పిల్లాడు ఆకలితో వచ్చాడు, పెట్టారు. వాళ్ల ఇళ్లలోనూ మనవలు ఉండే ఉంటారు, వాళ్ల ముచ్చట్లు ఇరుగుపొరుగుతో చెప్పుకునే ఉంటారు. ఆ మురిపెం, ఈ పెట్టుగుణం రెండూ ఒకే గుమ్మంలో ఉన్నాయి. నాకు ఎంత ఆలోచించినా తెగని సంగతి ఇదే. తెలుగు దేశమంతా విన్న ఆ గొంతు వెనక సొంత అమ్మమ్మ కాని అమ్మమ్మలు ఎందరో ఉన్నారు.

మనవరాలికి ఖాదీ నేసే పొందూరు బాగా నచ్చింది. విజయనగరంలో ప్యాసింజరెక్కి పొందూరు స్టేషన్లో దిగితే, అక్కణ్నుంచి ఆటో. ఖాదీ అంటే గాంధీగారి బట్ట అని బళ్లో చెప్పి వదిలేస్తారు. పొందూరులో అది కొండపత్తితో మొదలవుతుంది. ఆ పత్తిని దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. దవడకున్న సన్నని పళ్లు పత్తిలో చెత్తనీ నలకల్నీ లాగేసి, పోగుల్ని వరసకు తెస్తాయి. తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చేసి ఎండిన అరటి దొప్పల్లో దాచడం, ఆపైన రాట్నం. నూరో నంబరు నూలు దాకా ఇలా చేత్తోనే తీస్తారు. చేప దవడతో దువ్విన పత్తి మనిషి ఒంటి మీది బట్ట అయ్యే దారి ఇంత ఉందని కళ్లతో చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. ఆ నూలు తీసేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే, అందులో చాలామంది నా వయసువాళ్లు.

మనవరాలు ఒకామె పక్కన కూర్చుని ఆ దవడ బొమ్మ గీసింది. నేను ఎప్పటిలాగే అద్భుతమన్నాను. ఆమె మాత్రం పత్తి దువ్వుతూనే కాగితం వైపు చూసి, "మీ గుంట బాగా గీత్తంది తల్లీ. గాని పళ్లు అంత ఎడం ఉండవు, సూడమను. అంత ఎడముంటే పత్తి జారిపోద్ది" అంది. దవడని పిల్ల చేతిలో పెట్టింది. పిల్ల వేలితో తడిమి చూసుకుని, కాగితం తిప్పి మళ్లీ గీసింది. ఆ రెండో బొమ్మ పని చేసే పనిముట్టులా ఉంది.

నా మెప్పుకి దొరకనిది ఆమె దిద్దుబాటుకి దొరికింది. మన మురిపెం పిల్లలకి ధైర్యమిస్తుంది, అది కావాలి, కొరత పెట్టకూడదు. కానీ చూపుకి పదును పెట్టేది ఆ వస్తువుతో బతికినవాళ్లే. అందుకే పిల్లల్ని ఊరు చూపించడానికి తీసుకెళ్లడమంటే నా దృష్టిలో వింతలు చూపించడం కాదు, మనుషుల దగ్గర కూర్చోబెట్టడం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసమాను తొలిచి వీణ చేసే ఆచారి పక్కన ఒక పూట కూర్చున్న పిల్లకి, వీణకి ఇరవైనాలుగు మెట్లని పుస్తకంలో చదివి బట్టీ పట్టాల్సిన అవసరం రాదు. తిరిగొచ్చాక ఏం నేర్చుకున్నావో వ్యాసం రాయమని అడగడం నాకు సుతరామూ ఇష్టం లేదు. చూసింది లోపల నానడానికి వ్యవధి ఇవ్వాలి.

కథలు కట్టే మనవణ్ని శ్రీకాకుళం కథానిలయానికి తీసుకెళ్లాం. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న దాన్ని తెరిచేనాటికి ఆయనకి 72 ఏళ్లు. 'యజ్ఞం' రాసిన మనిషి, సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన మనిషి. ఆ వయసులో ఇంకెవరైనా తమ రచనల సంపుటాలు చూసుకుంటూ కూర్చుంటారు. ఆయన ఊరూరా ఉత్తరాలు రాసి, పాత పత్రికలు పోగుచేసి, తెలుగులో అచ్చయిన ప్రతి కథనీ ఒక చోటికి చేర్చాలని పూనుకున్నారు. పురస్కారాల డబ్బు అందులోనే పెట్టారు. పేరున్నవాళ్ల కథలే కాదు, ఒక్క కథ రాసి మళ్లీ కనిపించకుండా పోయినవాళ్లవి కూడా. "నేను రాస్తే నాదీ పెడతారా?" అని మనవడు అడిగాడు. అచ్చయితే పెడతారని చెప్పాను. ఇంటికొచ్చాక వాడు కథ పేజీ కింద తారీఖు వేయడం మొదలుపెట్టాడు. 2021లో రామారావు మాస్టారు పోయారు. ఇతరుల పిల్లల కథల కోసం ఆయన కట్టిన ఇల్లు అలాగే ఉంది.

మా వీధి చివర ఇస్త్రీ బండి ఉంది. ఆ బండి దగ్గర బట్టలు మడతపెట్టే ముసలమ్మకీ ఒక మనవరాలుంది. "మా గుంట కూడా గీత్తాదమ్మా, గోడలన్నీ పాడుసేసింది" అని ఆమె చెప్పినప్పుడు ఆ గొంతులో విన్నది నా గొంతే. అదే మార్పు, అదే మెరుపు. నా మనవరాలికి రంగుపెన్సిళ్లూ రైలు టికెట్టూ ఉన్నాయి, ఆ పిల్లకి గోడా బొగ్గుముక్కా ఉన్నాయి. తేడా కళలో లేదు. పొందూరు వెళ్లినప్పుడు ఆ పిల్లనీ తీసుకెళ్లాం. రైలు కిటికీ దగ్గర ఇద్దరూ ఒకే పుస్తకంలో చెరో పేజీ గీసుకుంటూ వచ్చారు.

చేపదవడని రెండోసారి దిద్ది గీసిన కాగితం మా ఇంట్లో గోడకి ఉంది. చూసినవాళ్లు ఎవరి పోలికని అడిగితే, పొందూరులో ఒకామె నేర్పిందని ఇప్పుడు చెబుతున్నాను. నా గర్వం తగ్గలేదు, ఇంకొంతమందికి వాటా దొరికిందంతే.

మనవలున్న తాతయ్యలకీ అమ్మమ్మలకీ నాయనమ్మలకీ నా విన్నపం ఒక్కటే. సంక్రాంతి సెలవులకి పిల్లలు మీ దగ్గరకొస్తారు. ఆ రోజుల్లో టెక్కలి దగ్గర తేలినీలాపురం చెట్ల మీద గూడబాతులు ఉంటాయి. పొందూరులో రాట్నం తిరుగుతూ ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు మీ వీధిలోంచి ఇంకో పిల్లనో పిల్లాణ్నో కూడా వెంటబెట్టుకెళ్లండి. వాళ్ల మామ్మని ముందురోజే కలిసి అడగండి.