డాక్టరు చీటీ లేకుండా మాత్ర కొనడం తప్పా?



జలుబు చేసి గొంతు నొప్పి పుడితే మనలో చాలామంది చేసే పని ఒకటే. సందు చివర మందుల షాపుకు వెళ్ళి, "ఏదైనా గట్టి మాత్ర రెండు పూటలకివ్వు బాబూ" అంటాం. షాపతను యాంటీబయోటిక్ నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇస్తాడు. మనకు డాక్టరు ఫీజు మిగిలింది, అతనికి బేరం దొరికింది. ఇందులో ఎవరికేం నష్టం? ఇది నీతికి సంబంధించిన విషయమే కాదని మీరనవచ్చు. కాస్త ఆగి ఆలోచిద్దాం.

ముందు చట్టం సంగతి చూద్దాం. మన రాజ్యాంగంలో ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలో ఉంది. మందులు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. 1940 నాటి ఔషధాల చట్టం కేంద్రానిది. షాపులను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్లు ముఖ్యంగా రాష్ట్రాల వారు. 2014 మార్చి 1 నుంచి 'హెచ్1' అనే షెడ్యూలు అమలులోకి వచ్చింది. అందులో మొదట చేర్చిన 46 మందుల్లో బలమైన యాంటీబయోటిక్‌లు, క్షయ మందులు ఉన్నాయి. వీటిని అమ్మినప్పుడు రోగి పేరు, డాక్టరు పేరు, మందు పేరు, ఎంత ఇచ్చిందీ విడిగా ఒక రిజిస్టరులో రాసి, దానిని మూడేళ్ళు దాచాలి. కేరళ ప్రభుత్వం 2018లో ఈ విషయమై రాష్ట్ర కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. 2024లో చీటీ లేని అమ్మకాలపై ప్రత్యేక తనిఖీలు మొదలుపెట్టింది.

సరే, చట్టం ఉంది. అది మనస్సాక్షిని కట్టిపడేస్తుందా? పూర్వం కొందరు నీతిశాస్త్రజ్ఞులు, కొన్ని చట్టాలు కేవలం దండన చట్టాలేననీ, పట్టుబడితే జరిమానా కడితే చాలుననీ, మీరితే పాపం లేదనీ వాదించారు. చీటీ నిబంధన కూడా అలాంటిదేనా?

దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఆ చట్టాన్ని కాసేపు లేదనుకోండి. అప్పుడు కూడా మనం చేసే పని వల్ల ఎవరికైనా హాని కలుగుతుందా? కలిగితే, ఆ కర్తవ్యాన్ని చట్టం సృష్టించలేదు, గుర్తు మాత్రమే చేసింది. చట్టమంటే సమాజ బాధ్యత వహించేవారు సర్వజన శ్రేయస్సు కోసం వివేకంతో చేసి, అందరికీ తెలిపే కట్టడి అని పునీత తోమాసు అక్వినాసు నిర్వచించారు. ఈ నిబంధనలో ఆ సర్వజన శ్రేయస్సు ఎక్కడుంది?

పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 డిసెంబరులో, నోబెల్ బహుమతి సందర్భంగా చేసిన ప్రసంగంలో ఒక ఊహాకథ చెప్పాడు. ఒకాయనకు గొంతు నొప్పి వచ్చింది. పెన్సిలిన్ కొని చాలీచాలకుండా వాడాడు. క్రిములు చావలేదు సరికదా, మందును తట్టుకోవడం నేర్చుకున్నాయి. అవే క్రిములు భార్యకు సోకాయి. ఆమెకు న్యుమోనియా వచ్చింది, పెన్సిలిన్ పనిచేయలేదు, ఆమె చనిపోయింది. ఈ మరణానికి బాధ్యుడెవరు? ఆ భర్తేనని ఫ్లెమింగ్ తేల్చాడు. నేడది కథగా మిగలలేదు. 2019లో ప్రపంచమంతటా సుమారు 12 లక్షల 70 వేల మంది, మందులకు లొంగని బాక్టీరియా వల్లనే నేరుగా మరణించారని పరిశోధకుల అంచనా.

చూశారా, బి.పి. మాత్ర తప్పుగా మింగితే హాని ప్రధానంగా మనకే. యాంటీబయోటిక్ తప్పుగా మింగితే హాని పక్కింటి పసిబిడ్డకు కూడా. అది ఊరుమ్మడి చెరువు లాంటిది. నా కడవ నేను ముంచుకోవచ్చుగాని, అందరూ తాగే నీటిని పాడుచేసే హక్కు నాకు లేదు.

"ఫాదర్, కూలివాడి మాటేమిటి? డాక్టరు ఫీజు ఒకవైపు, పోయిన రోజుకూలి మరొకవైపు" అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఒక తలుపు మూసే ప్రభుత్వం మరో తలుపు తెరవాలి. తమిళనాడు 1994లో మందుల కొనుగోలుకు ప్రత్యేక సంస్థ నెలకొల్పి, ప్రభుత్వాసుపత్రులకు మందులు అందే ఏర్పాటు చేసింది. హైదరాబాదులో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేకుండా, షాపులో రిజిస్టరు మాత్రం ఉంటే అది సగం న్యాయమే. అయితే పేదవాని పేరు చెప్పి చీటీ లేకుండా మాత్ర ఇవ్వడం దయ కాదు. మామూలు జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానిమీద యాంటీబయోటిక్ పనిచేయదు. పేదవాని డబ్బు పోయింది, రోగం అలాగే ఉంది.

నిజంగా ప్రాణం మీదికి వచ్చి, వేరే దారి లేనప్పుడు ఏ చట్టమైనా అవసరానికి లొంగుతుంది. కాని అవసరం వేరు, వీలు వేరు. మనం ఎక్కువగా వీలునే అవసరమంటాం.

కనుక తల్లిదండ్రులారా, డాక్టరు రాయని యాంటీబయోటిక్ అడగకండి. రాయమని ఆయనను బలవంతపెట్టకండి. రాస్తే, చెప్పినన్ని రోజులూ వాడండి. మిగిలిన బిళ్ళలు ఇరుగుపొరుగుకు పంచకండి. మనలో మందుల షాపులు నడిపేవారున్నారు. చీటీ అడిగితే బేరం పక్క షాపుకు పోతుందని మీకు తెలుసు. ఆ నష్టం నిజమైనదే, దానిని భరించడమే మీ వంతు న్యాయం. మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో డాక్టరు ఉండేలా పదిమందీ కలిసి అడగడం మనందరి వంతు.