మట్టల పందిరి కింద

వాక్య భాగం: లేవీయకాండము 23:39–43, నెహెమ్యా 8:13–17

మా కుటుంబ ప్రార్థన లేవీయకాండానికి వచ్చేసరికి పిల్లలు నీరసపడిపోయారు. రోజుకో అధ్యాయం వరుస తప్పకుండా చదవాలన్నది మా నాన్న పెట్టిన నియమం. పెళ్లయ్యాక దాన్ని నేను అత్తింటికి వెంట తెచ్చుకున్నాను. బలులు, చర్మవ్యాధులు, శుద్ధి నియమాలు ఒక్కొక్కటే దాటుకుంటూ 2020 అక్టోబరులో ఇరవై మూడో అధ్యాయానికి చేరాం. మావారు పనిచేసే బడి మూతబడి అప్పటికి ఆరు నెలలు దాటింది. జీతం ఆగిపోయింది. ఇద్దరు పిల్లల పుట్టినరోజులూ పాయసంతోనే వెళ్లిపోయాయి. ఆ రాత్రి చదివే వంతు మా అబ్బాయిది. పర్ణశాలల పండుగ దగ్గరికొచ్చాక ఆగి, వాక్యం మీద పెట్టిన వేలు తీయకుండానే, "అమ్మా, దీనికి డబ్బులేం అక్కర్లేదుగా, మనం వేద్దామా?" అన్నాడు.

ఎన్నిసార్లు చదివిన భాగమో! వాడు అడిగేదాకా నాకు తట్టలేదు. ప్రత్యక్షపు గుడారానికి బంగారం, వెండి, రంగురంగుల నూలు తెమ్మన్న దేవుడు, ఇంటిల్లిపాదీ చేసుకోవలసిన ఈ పండుగకు మంచి చెట్ల పండ్లు, ఖర్జూరపు జాతి మట్టలు, గుబురు కొమ్మలు, వాగుల ఒడ్డున పెరిగే చెట్ల రెమ్మలు తెచ్చుకోమన్నాడు. మందిరంలో అర్పించే బలులు వేరే ఉన్నాయి. ఇంటివాళ్ల చేతికి వచ్చేసరికి మాత్రం ఆయన అడిగినవన్నీ ఊరి చివర దొరికేవే, కొడవలి ఉన్నవాడెవడైనా కోసుకోగలిగినవే. ఆ పైన ఏడు దినాలు సంతోషించమన్నాడు. చేతిలో నాలుగు డబ్బులుంటే సంతోషించండి అనలేదు. ఆ సంతోషంలో ఎవరెవరిని కలుపుకోవాలో ద్వితీయోపదేశకాండం పదహారో అధ్యాయంలో పేరుపేరునా చెప్పాడు. కొడుకు, కూతురు, పనివాడు, పనిమనిషి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేని పిల్ల, విధవరాలు, అందరూ ఆ లెక్కలో ఉన్నారు.

మర్నాడు మావారు కాలవ గట్టుకు వెళ్లి పది ఈతమట్టలు కొట్టి, సైకిలు వెనక కట్టుకొచ్చారు. ఖర్జూరానికి మన ఈతచెట్టు దగ్గరి చుట్టమే. మట్ట మొదట్లో ముళ్లుంటాయి, అవి చెక్కేసరికి ఆయన చేతులు నాలుగుచోట్ల చీరుకున్నాయి. షామియానా కొట్టతను వెదురు గుంజలు నాలుగు ఊరికే ఇచ్చాడు. ఆ ఏడు పెళ్లిళ్లు లేక ఆయన సామానంతా గోడకు చేరగిలబడి ఉంది. ఇంటి ఓనరుగారు డాబా మీద వేసుకోమన్నారు గానీ మేకులు మాత్రం కొట్టొద్దన్నారు. నూనె డబ్బాల్లో ఇసుక నింపి గుంజలు నిలబెట్టాం.

కింది వాటాలో ఒంటరిగా ఉండే మామ్మగారు ఆ చప్పుడు విని మెట్లెక్కి వచ్చారు. మేం మట్టలు పరిచిన తీరు చూసి, "అట్లా కాదమ్మాయ్, ఈనెలన్నీ ఒకే వైపుకుండాలి, లేకపోతే గాలికి లేచిపోద్ది" అని తనే కూర్చుని సరిచేశారు. వాళ్ల ఊళ్లో శ్రీరామనవమికి చలువపందిరి వేసేవాళ్లకు చిన్నప్పుడు ఆవిడ తాటాకులు అందించేవారట. విధవరాలిని కలుపుకోమన్న మాట మా నాన్న బోధలో ఎన్నోసార్లు విన్నదాన్ని కాబట్టి, పందిరి పూర్తయ్యాక ఆవిణ్ణి పిలుద్దామనుకుంటూనే ఉన్నాను. నేను పిలిచేలోపే ఆవిడ వచ్చి మా పందిరి నిలబెట్టారు. ఆ సాయంత్రం దాని కింద మొట్టమొదట కూర్చున్నదీ ఆవిడే.

యూదులు ఈనాటికీ ఈ పండుగ చేసుకుంటారు. కప్పు చెట్టు నుంచి కోసిందే అయి ఉండాలి. పగలు నీడ పడాలి, రాత్రి సందుల్లోంచి నక్షత్రాలు కనబడితే మంచిదంటారు. మా పది మట్టలకూ చుక్కలు బాగానే కనబడ్డాయి. ఏడు రాత్రులూ అక్కడే భోజనం, అక్కడే ప్రార్థన. భోజనమయ్యాక రాత్రికొక చిరుతిండి: ఉడకబెట్టిన పచ్చి వేరుశనక్కాయలు ఒకనాడు, చిలగడదుంపలు ఒకనాడు, ఉల్లిపాయా నిమ్మకాయా కలిపిన మరమరాలు ఒకనాడు, మామ్మగారు తెచ్చిన సీతాఫలాలు ఒకనాడు. నాలుగో రాత్రి వాన పడింది. మావారు బైబిలు పొట్టకు హత్తుకుని లోపలికి పరిగెత్తారు. పిల్లలు మాత్రం రామంటే రామన్నారు. ఇద్దరూ ఒకే తువ్వాలు కప్పుకుని, ఎక్కడ కారుతోందో చేత్తో తడుముతూ, కారని చోటు వెతుక్కుంటూ గంటసేపు అక్కడే ఉన్నారు. ఇశ్రాయేలీయుల గుడారాల్లోకి కూడా వాన వచ్చేదా అని మా అమ్మాయి అడిగింది. ఎడారి కదా, ఎప్పుడో గానీ పడదన్నాను. "అయితే మనకే బాగుంది" అంది.

ఆ రాత్రి నిద్ర పట్టక మన ప్రభువు పెరిగిన ఇంటి గురించి ఆలోచించాను. ఆయన్ని మందిరానికి తెచ్చిన దినాన మరియ యోసేపులు అర్పించినవి గువ్వల జతనో పావురపు పిల్లలనో అని లూకా రాశాడు. గొర్రెపిల్లను తెచ్చుకోలేని తల్లికి ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది. ఏటేటా పస్కాకు వాళ్లు నజరేతు నుంచి యెరూషలేముకు నడిచేవారు. వంద కిలోమీటర్లు దాటిన దారి, బంధువులూ ఎరిగినవాళ్లూ కలిసిన పెద్ద గుంపు. పన్నెండేళ్ల కుర్రాడు ఒక పగలంతా కనబడకపోయినా గుంపులోనే ఉంటాడులే అనుకున్నారంటే, ఆ ప్రయాణం ఎలాంటిదో తెలుస్తోంది. అతడు ఏ పెదనాన్న పక్కనైనా నడిచేవాడు, ఏ పిన్ని మూటలోని రొట్టెనైనా తినేవాడు. పర్ణశాలల పండుగకు ఆయన వెళ్లిన సంగతి యోహాను ఏడో అధ్యాయంలో ఉంది. చిన్ననాడు యోసేపు కట్టిన ఆకుల కప్పు కింద పడుకుని చుక్కలు లెక్కపెట్టే ఉంటాడు. ఆ చుక్కల్ని చేసినవాడే, ఒక వడ్రంగి ఇంట్లో పిల్లవాడిగా, ఆకుల సందుల్లోంచి వాటిని చూశాడు. ఈ తలపు వచ్చినప్పుడల్లా నా కళ్లు చెమరుస్తాయి.

నా మటుకు నాకు ఏడాదంటే తాటిచెట్టు. బాపట్ల దగ్గర ఇసుక నేలల్లో పెరిగాను. నాన్న సువార్తికుడు. సంఘం ఇచ్చేది నెలాఖరుదాకా వచ్చేది కాదు. మాకు పండుగలు తెచ్చింది చాలావరకు ఆ చెట్టే. మట్టల ఆదివారానికి తాటి మొవ్వాకు చీల్చి నాన్న సిలువలు అల్లేవారు. మొదట లేతాకు రంగులో ఉండే సిలువ, బైబిల్లో పెట్టుకుంటే క్రిస్మస్‌కి గోధుమరంగు తిరిగేది. ఏప్రిల్, మే నెలల్లో ముంజలు. పైన చెక్కిన కాయను రెండు చేతులా పట్టుకుని, మూడు కళ్లలోనూ బొటనవేలు దింపి జుర్రుకోవాలి, మోచేతి దాకా నీళ్లు కారాలి. తిన్నాక ఖాళీ బుర్రలు రెండు తీసుకుని నడుమ పుల్ల గుచ్చి, పంగల కర్ర తగిలిస్తే బండి. ఆ బండి తోలుకుంటూ ప్రార్థన గంట కొట్టేదాకా వీధులన్నీ తిరిగేవాళ్లం.

భాద్రపదంలో పండ్లు రాలేవి. తెల్లవారుజామున ఢబ్బుమన్న చప్పుడు వినబడితే చాలు, ముందు ఎవరు లేస్తే పండు వాళ్లది. అమ్మ ఆ పండు పీసం పిండి, బియ్యపు రవ్వా బెల్లమూ కలిపి, కిందా పైనా నిప్పులు పెట్టి తాటిరొట్టె కాల్చేది. ఇల్లంతా ఆ వాసన రెండు రోజులు. తినడం అయిపోయాక టెంకలు పారేసేవాళ్లం కాదు. తేగల కోసం పెరట్లో ఇసుకలో పాతర వేసేది అమ్మ.

అక్కడి నుంచి మొదలయ్యేది మా ఎదురుచూపు. క్రిస్మస్ వారం దాకా తవ్వకూడదని అమ్మ ఆజ్ఞ. ఒక ఏడు నేను ఉండబట్టలేక నవంబరులో ఒక టెంకను పైకి లాగాను. పల్చటి తెల్లటి మొలక, నా వేలంత కూడా లేదు. మళ్లీ పాతిపెట్టాను గానీ అది బతకలేదు. అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. తవ్విన రోజు అందరి తేగలూ లెక్కపెట్టి పంచి, నా వాటాలో ఒకటి తగ్గించి, "నీది నువ్వు ముందే తినేశావు కదమ్మా" అంది. రాత్రి కుండలో తంపటి వేసిన తేగలు నిలువునా చీల్చి, నడుమనున్న మొలక కొసన మెత్తటి చందమామ కోసం అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం కొట్లాడుకుంటుంటే, అమ్మ తన చందమామ తీసి నా చేతిలో పెట్టింది. ధర్మశాస్త్రం, కృప అని ప్రసంగాల్లో విన్నప్పుడల్లా నాకు ఆ రాత్రి గుర్తొస్తుంది.

మిగతా నెలలూ అంతే, పెద్ద ఖర్చు లేనివే. కొత్త సంవత్సరపు మొదటి గడియలో గుళ్లో చేతికిచ్చే వాగ్దానపు కార్డు, జనవరిలో రేగుపళ్లు, శ్రమల దినాల సాయంత్రపు ప్రార్థన తర్వాత శనగ గుగ్గిళ్లు, పునరుత్థాన దినాన చీకటితోనే సమాధుల తోటకు నడక, వానాకాలం బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు, కోత పండుగకు మా పెరటి గుమ్మడికాయ, డిసెంబరులో వెదురు బద్దలూ రంగు కాగితాలూ మైదా జిగురూ పెట్టి కట్టే నక్షత్రం. గలిలయ ఒడ్డున బొగ్గుల మీద చేపలు కాల్చి, వచ్చి తినమని శిష్యుల్ని పిలిచిన ప్రభువుకు ఇవేవీ చిన్నవి కావని నా నమ్మకం.

2021లోనూ పందిరి వేశాం. ఆ తర్వాత బడి పూర్తిగా తెరుచుకుంది, జీతం కుదుటపడింది. 2022 అక్టోబరులో పిల్లల్ని విజయవాడలో ఒక మాల్‌కి తీసుకెళ్లాం. ఎన్నాళ్లుగానో వాళ్లు అడిగిందే, నేనూ సంతోషంగానే వెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా అమ్మాయి, "ఈసారి పందిరి ఎప్పుడమ్మా?" అంది. "ఇప్పుడు మనకెందుకే అది" అన్నాను. అది మారు మాట్లాడకుండా కిటికీ వైపు తిరిగింది.

ఇంటికొచ్చి బట్టలు మడతపెడుతున్నా ఆ మాట నన్ను వదల్లేదు. నెహెమ్యా ఎనిమిదో అధ్యాయం తీశాను. చెరనుంచి తిరిగొచ్చినవాళ్లు ధర్మశాస్త్రం చదివించుకుని, కొండలకు వెళ్లి ఒలీవ కొమ్మలు, గొంజి కొమ్మలు, ఈత మట్టలు తెచ్చి మిద్దెల మీదా, లోగిళ్లలోనూ, మందిరపు ఆవరణల్లోనూ, గుమ్మాల దగ్గరి వీధుల్లోనూ పర్ణశాలలు కట్టుకున్నారు. యెహోషువ కాలం మొదలు ఆ దినం వరకు అలా జరగలేదట. యెహోషువ కాలమంటే ఇశ్రాయేలీయులు సొంత నేల మీద, సొంత ఇళ్లలో కుదురుకున్న కాలం. ఇళ్లలో స్థిరపడ్డాక, కోటలూ సింహాసనాలూ వచ్చాక, మట్టల పందిరి ఎందుకని వాళ్లలో ఏ తల్లి అయినా తన బిడ్డతో అనే ఉంటుంది, నాలాగే. పేదవాళ్లు కాబట్టి ఆకుల కింద ఉండమనలేదు దేవుడు. కళ్లంలో ధాన్యమూ గానుగలో ద్రాక్షారసమూ సమకూర్చుకున్నాకే ఉండమన్నాడు. గాదెలు నిండిన నెలలోనే, తాను వాళ్లను ఎక్కణ్ణుంచి నడిపించుకొచ్చాడో రాబోయే తరాలకు తెలియాలన్నాడు. లేవీయకాండంలోని ఆ అధ్యాయం అన్నేళ్లు చదివి కూడా, ఆ పండుగ డబ్బు లేనివాళ్ల కోసమే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మావారు కత్తి తీసుకుని కాలవ గట్టుకు వెళ్లారు.

అప్పటినుంచి ఏ ఏడూ మానలేదు. మామ్మగారు ఇప్పుడు హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నారు. అక్టోబరు వస్తే ఫోను చేసి, ఈనెలు ఒక వైపుకే పెట్టారా లేదా అని అడుగుతారు. మా అబ్బాయి ఫోటో తీసి పంపుతాడు. కింది వాటాలోకి కొత్తగా ఒడిశా నుంచి వచ్చిన కుటుంబం దిగింది. వాళ్ల చిన్నవాడికి తెలుగు ఇంకా రాదు. మొదటి రాత్రి మట్టల కింద మా అమ్మాయి వాడికి వేరుశనక్కాయ ఒలవడం నేర్పింది. రెండో రాత్రి వాడు వాళ్ల అమ్మను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు.

ప్రార్థన

తండ్రీ, కొమ్మలు కోసుకుని సంతోషించమన్నావు, నీకు స్తోత్రం. జీతం ఆగినప్పుడు నువ్వు నేర్పినదాన్ని జీతం రాగానే వద్దన్నాను, క్షమించు. ఈ రాత్రి ఏ ఇంటి తండ్రి వట్టి చేతులతో వచ్చి, పిల్లల మొహం చూడలేక గుమ్మం దగ్గరే నిలబడిపోయాడో, అతనికి ఒక ఈతచెట్టు చూపించు. మా డాబా మీద పాత డ్రమ్ములో, ఇసుక కింద పన్నెండు టెంకలున్నాయి. క్రిస్మస్ దాకా వాటిని తవ్వకుండా పిల్లలకు ఓపిక ఇవ్వు. ఎవరైనా ఆగలేక తవ్వితే, నా చందమామ వాళ్లకిచ్చే మనసు నాకివ్వు. యేసు నామంలో వేడుకుంటున్నాను, ఆమేన్.