ఖాళీ పడవ కొలత

కాకినాడ తీరంలోని ఒక పల్లెలో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. తండ్రి వాళ్లకు చెరో ఫైబర్ పడవ ఇచ్చిపోయాడు. రెండూ ఒకే అచ్చులో పోసినవి, రెండూ పాతబడినవి, రెండింటికీ ఒకటే జబ్బు. ఇంజిను బిగించే వెనుక పలక మీదుగా అల లోపలికి దూకితే, ఆ నీరు బయటికి పోయే దారి లేక డెక్కు మీదే నిలిచిపోయేది. 4 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు ఉన్న చోట 10 సెంటీమీటర్ల నీరు నిలిచిందంటే 600 లీటర్లు, అంటే 6 క్వింటాళ్ల పైమాటే. పడవ ఎటు ఒరిగితే ఆ బరువంతా అటే పరుగెత్తి దాన్ని ఇంకా ఒరగదోసేది. వల లాగే చేతులు వల వదిలేసి నీళ్లు తోడవలసి వచ్చేది.

వేట నిషేధం వచ్చింది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పడవలు ఒడ్డునే ఉంటాయి. మరమ్మతులకు అదే అదను.

పెద్దవాడు ఇసుక మీద ఉన్న పడవకే, డెక్కుకు సరిగ్గా సమానంగా వెనుక పలకకు రెండు పెద్ద కన్నాలు పెట్టించాడు. బిందెడు నీళ్లు పోసి చూస్తే చుక్క మిగలకుండా బయటికి పోయాయి. చూసినవాళ్లు మెచ్చుకున్నారు. రంగు కూడా వేయించి, మిగిలిన రోజులు హాయిగా గడిపాడు.

చిన్నవాడు పడవను కాలువలోకి దించాడు. ఇంజిను, ఆయిలు డబ్బాలు, వలలు, మంచు అన్నీ ఎక్కించాడు. మనుషుల బరువుకు, పడబోయే చేపల బరువుకు, వేయబోయే కొత్త డెక్కు బరువుకు కూడా లెక్కగట్టి ఇసుక బస్తాలు పెట్టాడు. వేట లేని రోజుల్లో ఈ బరువేమిటని జనం నవ్వారు. అతను వెనుక పలక మీద నీరు తాకిన చోట మేకుతో గీత గీశాడు. ఆ గీత లోపలి డెక్కుకన్నా బెత్తెడు పైన ఉంది.

అప్పుడు అతను మేస్త్రీ చేత ఆ గీతకు నాలుగు వేళ్లు పైన ఉండేటట్టు కొత్త డెక్కు వేయించాడు. దాన్ని వెనక్కి కాస్త వాలుగా పెట్టించి, రెండు మూలలా కన్నాలు తీయించాడు. పలక లోపలి ప్లైవుడ్ నీరు తాగకుండా కన్నాల అంచులకు రెజిన్ పూయించాడు. బయటి నీరు లోపలికి ఎగదన్నకుండా రబ్బరు రెక్కలు కట్టించాడు. డెక్కు పెరిగితే పడవ అంచు మనిషికి పొట్టిదైపోతుంది కనుక అంచునూ పెంచించాడు. దాచుకున్న డబ్బు అయిపోయింది, 61 రోజులూ బొటాబొటిగా సరిపోయాయి.

జూన్ 15న ఇద్దరూ వేటకు వెళ్లారు. వెళ్లేటప్పుడు పెద్దవాడి పడవలో పడిన నీరు కన్నాల గుండా చక్కగా పోయింది. చేపలు బాగా పడ్డాయి. నిండు బరువుతో తిరిగి వస్తుంటే వెనుక భాగం కిందికి దిగింది, కన్నాలు మునిగాయి, నీరు పోవలసిన దారిలోనే సముద్రం లోపలికి వచ్చింది. గోనె గుడ్డలు కుక్కితే అలల నీరు మళ్లీ లోపలే నిలిచింది. చివరికి పడవను దక్కించుకోవడానికి పట్టిన చేపలను సముద్రంలోనే పారబోశాడు. చిన్నవాడి పడవ మీదికీ అవే అలలు దూకాయి. దూకిన నీరు దూకినట్టే మూలల గుండా జారిపోయింది. అతను చేపలతో ఒడ్డు చేరాడు.

నీతి: ఏ ఏర్పాటుకైనా కొలత తీసుకోవలసింది తేలికగా ఉన్న రోజున కాదు, నిండు బరువు మీద పడిన రోజున. రాబడి బాగున్న నెలను చూసి అప్పు వాయిదాలు ఒప్పుకున్నవాడికి పట్టేది పెద్దవాడి గతే. నలుగురూ మెచ్చుకునే లోపే మీ ఏర్పాటు మీద మీరే బరువు పెట్టి చూసుకోండి.