అమ్మ నాటిన గులాబీ

హ్యూస్టన్‌లో మా పాత ఇంటి పెరట్లో అమ్మ నాటిన గులాబీ పేరు 'ఓల్డ్ బ్లష్'. 18వ శతాబ్దంలో చైనా నుంచి యూరప్ చేరిన రకం. పన్నీరు గులాబీ అంత వాసన లేదు గానీ ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది. నవరాత్రుల పూజకు ఏనాడూ లోటు చేయలేదు.

అమ్మ పోయాక ఇల్లు అమ్మేశాం. పూసి వాడిన కొమ్మల్ని పెన్సిలు మందాన, జానెడు ముక్కలుగా కోసి, కింది ఆకులు తీసేసి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడలో పెట్టాను. ఆరింటిలో రెండే వేరు పట్టాయి. డాక్టరుగా చెప్పుకోదగ్గ ఫలితం కాదు!

ఇది అమ్మ చెట్టేనా? గింజ నుంచి మొలిస్తే బిడ్డ అనేవాణ్ణి. కొమ్మ నుంచి వచ్చింది కనుక జన్యువుల లెక్కన అదే చెట్టు. ఆ లెక్కన రెండు వందల ఏళ్ళకు పైగా ఒక్క మొక్కే చేతులు మారుతూ బతుకుతోంది. మరి అమ్మది అనడమెలా? తనూ ఎవరినో కొమ్మ అడిగి తెచ్చుకున్నదే. అయినా అమ్మ పోసిన నీళ్ళు తాగిన వేళ్ళు ఆ పెరట్లోనే ఉండిపోయాయి. అదీ అబద్ధం కాదు.

అందుకే తొలి పువ్వు కోయడానికి నాకు చేయి రాలేదు. మహర్నవమినాడు మా అమ్మాయి అడక్కుండానే కోసి అమ్మవారి పటం దగ్గర పెట్టింది. కోప్పడబోయి ఆగాను.

రెండో కుండీ వచ్చే ఆదివారం గుడికి తెస్తాను. కావలసినవారు తీసుకోండి.