పదో తరగతి: లెక్క చేతులు మారే ఏడు

జూన్‌లో బడులు తెరిచిన వారం. జగ్గయ్యపేటలో అసర్ నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగుతుంటే ఒక పెద్దమనిషి నా చెయ్యి పట్టుకొని ఆపారు. హైవే పక్కన లారీల షెడ్డులో మేస్త్రీ ఆయన.

“మౌల్సాబ్, మా చిన్నోడు పదిలోకొచ్చాడు. వాడికి లెక్కలు ఎక్కడం లేదు. ఇప్పుడే షెడ్డులో పెట్టుకుంటే మూడేళ్లలో చేతికి పనొస్తుంది. ఈ ఒక్క ఏడు బడికి పంపితే ఏం లాభం? షరీఅత్ ఏమంటుందో చెప్పండి” అన్నారు.

“వాడేమంటున్నాడు?” అని అడిగాను.

ఆయన నన్ను వింతగా చూశారు. “వాణ్ణి అడిగేదేముంది మౌల్సాబ్, పిల్లోడు!”

అదే వారం నందిగామలో ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి నానీ తన మనవరాలి సంగతి ఎత్తారు. అమ్మాయి చదువులో ముందుంది. ఖమ్మం వైపు నుంచి మంచి సంబంధం వచ్చింది. “పది అయ్యేదాకా ఆగమంటావా బేటా, ఇప్పుడే మాట ఇచ్చేయమంటావా?” అన్నారు. అమ్మాయి మనసులో ఏముందని అడిగితే, “ఆడపిల్లకు మనసేంటి బేటా, మేం లేమా?” అని నవ్వారు.

ఇద్దరూ మంచివారే. ఇద్దరూ నమాజీలే. ఇద్దరూ బిడ్డ మేలు కోరే అడిగారు. కాని వారి ప్రశ్నల్లో ఒక లోటుంది. ఆ ఏడు ఎవరిదో, ఆ బిడ్డ మాత్రం వాటిలో లేడు. ఈ నెల మనం ఆ లోటు గురించే ఆలోచిద్దాం.

యవ్వనం గురించి వేరే ప్రశ్న ఎందుకు?

ప్రళయదినాన అయిదు విషయాలకు జవాబు చెప్పనిదే మనిషి పాదాలు కదలవని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఆయుష్షును ఎలా గడిపావు, యవ్వనాన్ని దేనికి వినియోగించావు, ధనం ఎలా సంపాదించావు, దేనికి ఖర్చు చేశావు, తెలుసుకున్న దాన్ని ఎంతవరకు ఆచరించావు అన్నవే ఆ అయిదూ. తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉన్న ఈ ప్రవచనాన్ని మనం జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం.

కాని ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. యవ్వనం ఆయుష్షులో భాగం కాదా? ఆయుష్షు మొత్తం గురించి అడిగాక, యవ్వనం గురించి మళ్లీ విడిగా అడగడం ఎందుకు?

నాకు తోచిన సమాధానం ఇది. మిగతా వయసులో పోగొట్టుకున్నదాన్ని కొంతవరకైనా పూడ్చుకోవచ్చు. యవ్వనంలో వేసిన అడుగు మాత్రం తర్వాతి నలభై ఏళ్ల దారిని నిర్ణయిస్తుంది. రైతుకు ఏడాదంతా పనే. అయినా విత్తే పదును దాటిపోతే ఏడాది శ్రమంతా కలిసినా దాన్ని తిరిగి తేలేదు. పత్తి, మిర్చి పండించే మన మెట్ట ప్రాంతంలో ఈ మాట ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు.

పదిహేనేళ్ల సరిహద్దు

మరి ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత ఎప్పటి నుంచి మొదలవుతుంది? హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) తన గురించి తానే తెలియజేశారు. ఉహుద్ యుద్ధ సమయానికి ఆయనకు పద్నాలుగేళ్లు. ప్రవక్త (స) ఆయన్ను యుద్ధానికి అనుమతించలేదు. కందక యుద్ధ సమయానికి పదిహేనేళ్లు వచ్చాయి. అప్పుడు అనుమతించారు. తర్వాతి కాలంలో ఈ ఉల్లేఖనం విన్న ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మలై), బాల్యానికీ పెద్దరికానికీ మధ్య సరిహద్దు ఇదేనని చెప్పి తన అధికారులకు ఉత్తర్వులు రాశారు. ఈ సంగతి సహీహ్ బుఖారీలో ఉంది.

యుక్తవయసు చిహ్నాలు అంతకు ముందే కనిపిస్తే బాధ్యత అప్పటి నుంచే మొదలవుతుంది. కనిపించకపోతే పదిహేనేళ్లు నిండగానే మొదలవుతుంది. హనఫీ మజ్‌హబ్‌లో ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ గార్ల అభిప్రాయం ఇదే, ఫత్వా కూడా దీని మీదే ఉంది. ఇవి చాంద్రమానం ప్రకారం పదిహేనేళ్లని మరువకండి. ఇంగ్లీషు క్యాలెండరులో లెక్కిస్తే సుమారు 14 ఏళ్ల 7 నెలలు.

ఇప్పుడు మీ ఇంట్లో పదో తరగతి చదువుతున్న బిడ్డ వయసు లెక్కపెట్టండి. సాధారణంగా ఆ ఏడు తిరిగేలోపే బిడ్డ ఈ సరిహద్దు దాటుతాడు. జూన్‌లో బడికి వెళ్లినప్పుడు అతని నమాజుకు, ఉపవాసానికి, మాటకు మీరు కాపలాదారులు. మార్చిలో పరీక్ష రాసే నాటికి అతని కర్మలు అతని పద్దులోనే నమోదవుతుంటాయి. అంటే పదో తరగతి అన్నది లెక్క చేతులు మారే ఏడు. అప్పగించేవారు తల్లిదండ్రులు, అందుకునేది బిడ్డ. దుకాణం చేతులు మారేటప్పుడు కూడా సరుకు చూపించి, బాకీలు చెప్పి, తాళాలు చేతికిస్తాం కదా! బిడ్డ జీవితాన్ని అతనితో ఒక్క మాటైనా చెప్పకుండా ఎలా అప్పగిస్తాం?

ఇంకో సంగతి. మన దేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకే నిర్బంధ ఉచిత విద్యను హామీ ఇస్తుంది. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ కూడా పద్నాలుగేళ్ల లోపువారినే దాదాపు అన్ని పనుల నుంచి నిషేధించింది. ఆపై వయసువారి విషయంలో ప్రమాదకరమైన పనులను మాత్రమే ఆపింది. అంటే పదో తరగతి బిడ్డ చదువుకు చట్టం కంచె సరిగ్గా ఆ వయసులోనే పలచబడుతుంది. ఇక మిగిలేది తల్లిదండ్రుల మనస్సాక్షి, వారి దైవభీతి.

కుమారుణ్ణి అడిగిన తండ్రి

“పిల్లోణ్ణి అడిగేదేముంది” అన్న తండ్రికి నేను హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) ఉదంతం గుర్తు చేశాను. ఆయనకు కలలో వచ్చింది అల్లాహ్ ఆదేశం. దాని ముందు కుమారుని అభిప్రాయంతో పనేముంది? అయినా ఆయన కుమారునికి విషయం చెప్పి, నీ ఆలోచన ఏమిటని అడిగారు. అప్పటికి ఆ కుమారుని వయసెంతో దివ్య ఖుర్‌ఆన్ సంవత్సరాల్లో చెప్పలేదు. తండ్రితో కలిసి తిరుగుతూ పనిపాటలు చేయగల వయసని మాత్రం చెప్పింది. సరిగ్గా షెడ్డులో స్పానర్ అందించే వయసు!

దైవాజ్ఞ ఉన్న ప్రవక్తే కుమారుణ్ణి అడిగారు. దైవాజ్ఞ లేని మనం అడగకపోవడానికి ఏ కారణం చూపుతాం? పసిబిడ్డను పాలు మాన్పించే విషయంలో సైతం తల్లిదండ్రులిద్దరూ సంప్రదించుకొని నిర్ణయించుకోవాలని ఖుర్‌ఆన్ బోధించింది. పాలు మాన్పించడానికే సంప్రదింపు అవసరమైతే, బడి మాన్పించడానికి అక్కరలేదా? ఇక ఆడపిల్ల పెళ్లికి ఆమె అనుమతి తీసుకోవాలని ప్రవక్త (స) ఆజ్ఞాపించారు. చట్టం కూడా పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయి పెళ్లిని అంగీకరించదు. నందిగామ నానీకి నేను చెప్పిన సమాధానం ఇదే.

“పదిహేనేళ్లవాడికి ఏం తెలుసు?” అన్న అభ్యంతరం రావచ్చు. నిజమే, అన్నీ తెలియవు. సంప్రదించడమంటే పగ్గాలు వదిలేయడం కాదు. ఇబ్నె ఉమర్ (రజి) తనంతట తానే యుద్ధానికి వెళ్లిపోలేదు. ప్రవక్త (స) ముందు నిలబడ్డారు. ఆయన చూసి, తూచి, మొదట కాదన్నారు, తర్వాత సరేనన్నారు. అడగడం, వినడం, ఆపైన పెద్దరికంతో నిర్ణయించడం, ఈ మూడూ ఉండాలి. మన ఇళ్లలో మూడోది మాత్రమే మిగిలింది.

పేదరికం మాటేమిటి? కష్టపడి సంపాదించడం ఇస్లాంలో చిన్నతనం కాదు. హజ్రత్ దావూద్ (అలై) తన చేతి కష్టంతోనే ఆహారం సంపాదించుకున్నారు. మేస్త్రీ గారి పనిని నేను ఎన్నడూ తక్కువగా చూడను. ఆయనకు చెప్పిందల్లా ఇదే. చేతిపని ఏడాది ఆగుతుంది, పదో తరగతి ఆగదు. ఆ సర్టిఫికెట్టు ఉన్నవాడు రేపు ఐటీఐలో మెకానిక్ కోర్సు చేసి అదే షెడ్డుకు ఇంకా పెద్ద మేస్త్రీ కావచ్చు.

నా విషయం కొంత చెబుతాను. నేను చిన్ననాడే మదర్సాలో చేరాను. ఉర్దూలోనే చదువు సాగింది. అల్‌హందులిల్లాహ్, దానికి నాకు విచారం లేదు. ఆలిమ్ కోర్సు ముగిశాక ఇరవై దాటిన వయసులో ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పరీక్ష రాశాను. నా పక్క బల్ల మీద ఇద్దరు పిల్లల తల్లి కూర్చుంది. పరీక్ష గంట కొట్టే ముందు, “అప్పుడే రాయాల్సింది అన్నా, నన్నెవరూ అడగలేదు” అంది. ఆ మాటలో ఎవరి మీదా కోపం లేదు. అందుకే అది నన్ను ఇంకా వెంటాడుతోంది.

ఏడాదిని ఎలా గడపాలి?

ప్రణాళిక వేసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధమని కొందరి అపోహ. హజ్రత్ యూసుఫ్ (అలై) కరవు రాకముందే ఏడేళ్ల సేద్యానికి, ధాన్యం నిల్వకు పథకం చెప్పారు. ఒంటెను కట్టేశాక దైవం మీద భారం వేయాలని మన ప్రవక్త (స) నేర్పారు. ఇన్షా అల్లాహ్ అన్నమాట పథకానికి జోడించవలసింది, పథకానికి బదులు వాడవలసింది కాదు.

కనుక బడి తెరిచిన మొదటి జుమా రోజున ఇంటిల్లిపాదీ కూర్చోండి. పది తర్వాత ఏమిటని బిడ్డను అడగండి. మార్గాలు చాలా ఉన్నాయి. ఇంటర్మీడియెట్ ఉంది. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్ ఉంది. 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే మనం ట్రిపుల్ ఐటీ అనే నూజివీడు ప్రాంగణం, పాత కృష్ణా జిల్లా నేల మీదే ఉంది. పల్లె బిడ్డల కోసమే పెట్టిన ఆ చదువుకు పదో తరగతి మార్కులే తలుపు. దీనీ విద్య వైపు మనసున్న బిడ్డకు ఆలిమ్ కోర్సు ఉంది. వీలైతే ఒక రోజు తీసుకెళ్లి కళ్లారా చూపించండి.

దినచర్యకు కొత్త టైంటేబులు వెతకనక్కరలేదు. అయిదు పూటల నమాజే మన గడియారం. ఫజ్ర్ తర్వాత మనసు తేటగా ఉంటుంది, కష్టమైన లెక్కలు అప్పుడు. అసర్ తర్వాత ఆట. మగ్రిబ్ నుంచి ఇషా దాకా చదువు. ఇషా తర్వాత కబుర్లను ప్రవక్త (స) ఇష్టపడలేదు, సెల్‌ఫోను కూడా కబుర్ల కిందికే వస్తుంది. మిర్చి కోతల కాలంలో బిడ్డను చేనుకు తీసుకెళ్లవలసి వస్తే, ఎన్ని రోజులన్నది ముందే అతనితో మాట్లాడి నిర్ణయించుకోండి.

రంజాన్ సంగతి కూడా ముందే చూసుకోవాలి. 2024లోనూ 2025లోనూ పది పరీక్షలు రంజాన్ మాసంలోనే వచ్చాయి. ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరిగే మాసం అది. పరీక్ష ఉందన్న ఒక్క కారణంతో ఉపవాసం మాఫీ కాదు. కనుక పునశ్చరణ రంజాన్‌కు ముందే ముగిసేలా చూసుకున్న బిడ్డకు రెండూ దక్కుతాయి.

పరీక్ష హాలు, ఫలితం

తెలిసినవారి ద్వారా చిట్టీలు అందించే తల్లిదండ్రులను చూస్తుంటాం. మోసగించేవాడు మనవాడు కాదని ప్రవక్త (స) తేల్చి చెప్పారు. బిడ్డ పద్దు కొత్తగా తెరిచిన ఏడాదే అందులో మొదటి దొంగలెక్క తండ్రే రాయిస్తే, ఆ తర్వాత ఏ నోటితో నీతి చెప్పగలడు? నిజాయితీగా వచ్చిన 300 మార్కులు దొంగతనంగా వచ్చిన 550 కంటే అల్లాహ్ వద్ద బరువైనవి.

ఇక ఫలితం మన చేతిలో లేదు. 2020లోనూ 2021లోనూ కరోనా వల్ల పది పరీక్షలే రద్దయ్యాయి. అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. మార్కుల కోసమే చదివినవారికి ఆ ఏడు వృథా అనిపించింది. నేర్చుకోవడం కోసం చదివినవారికి నేర్చుకున్నది మిగిలింది. ఫెయిలైతే అదే వేసవిలో సప్లిమెంటరీ ఉంటుంది. ఫలితాల రోజున ఇంటి నుంచి వచ్చే మొదటి మాట బిడ్డ ప్రాణాన్ని నిలబెట్టనూగలదు, తీయనూగలదు. ఆ రోజు తిట్టకండి, పక్కన కూర్చోబెట్టుకొని అన్నం పెట్టండి. ప్రాణం అల్లాహ్ అమానతు అని ఆ బిడ్డకు ఏడాది పొడుగునా తెలిసి ఉండాలి.

హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) బద్ర్ యుద్ధానికి ఉత్సాహంగా వచ్చారు. వయసు చాలదని వెనక్కి పంపారు. ఒక తలుపు మూసుకుంది. ఆయన చదువు వైపు మళ్లారు. ప్రవక్త (స) ఆదేశం మేరకు యూదుల లిపిని పదిహేను రోజుల్లో నేర్చుకున్నారు. తర్వాతి కాలంలో హజ్రత్ అబూబక్ర్ (రజి) ఖుర్‌ఆన్‌ను ఒకచోట గ్రంథంగా కూర్చే మహాకార్యాన్ని ఆయనకే అప్పగించారు.

జగ్గయ్యపేట మేస్త్రీ గారు ఆ తర్వాతి జుమా రోజు కనిపించారు. “అడిగాను మౌల్సాబ్” అన్నారు. ఏమన్నాడని అడిగితే, కాసేపు ఆగి, “చాలాసేపు మాట్లాడాడు. వాడు అంత మాట్లాడతాడని నాకు తెలీదు” అన్నారు.

మన బిడ్డల లెక్కను శుభ్రంగా వారి చేతికి అప్పగించే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆ లెక్కను నిజాయితీగా రాసుకునే బుద్ధిని వారికి అనుగ్రహించుగాక! ఆమీన్.