ముడుపు ముందా, వేతనము ముందా?

మ్రొక్కు తీర్చుకొనుటకు తిరుమలకు బయలుదేరు గృహస్థుడు ముడుపు మూటను భద్రముగా కట్టుకొనును. అందలి ధనము తనదేనా అను సందేహము అతనికి కలుగదు. అది దొంగిలించినది కాదు, లంచముగా పుచ్చుకొన్నది కాదు, వ్యాపారమున వచ్చినదే. కాని అతని దుకాణమున పనిచేయు నలుగురికి గతమాసపు జీతము ఇంకను ముట్టలేదనుకొందము. "తిరిగి వచ్చి ఇచ్చెదను, ఎక్కడికి పోవును?" అని అతని సమాధానము. ఈ విలంబము అశ్రద్ధ మాత్రమేనా, పరధనమును తనయొద్ద నిలుపుకొనుటయా?

శ్రీమద్రామాయణము అయోధ్యాకాండ 100వ సర్గలో శ్రీరామచంద్రుడు భరతుని రాజ్యక్షేమమును గూర్చి అనేక ప్రశ్నలడిగెను. సైన్యమునకు భత్యమును, వేతనమును తగిన కాలమున, ఆలస్యము చేయక ఇచ్చుచున్నావా అనునది వానిలో నొకటి. రాజ్యమును వీడి నారచీరలు ధరించినవానికి భృత్యుల జీతము జ్ఞప్తికి వచ్చుట గమనింపదగినది. ఇచ్చుచున్నావా అని అడిగి ఊరకుండలేదు. కాలమును గూడ అడిగెను. గడువు దాటినచో భృత్యులు ప్రభువుపై కోపింతురనియు, అది మహానర్థమునకు దారితీయుననియు కారణమును చెప్పెను.

ధర్మశాస్త్రకారులును దీనిని ఉపేక్షింపలేదు. మనుస్మృతి 8వ అధ్యాయమున చెప్పిన 18 వ్యవహారపదములలో వేతనము నీయకుండుట యొకటి. కౌటిల్యుడు అట్టి యజమానికి వేతనములో పదియవ వంతు గాని, ఆరు పణములు గాని దండనము విధించెను. జీతము తీసికొని పని ఎగగొట్టినవానికిని దండనము కలదు. శాస్త్రము ఒకవైపే చూడలేదు.

అమ్మిన సరకునకు వెల రానిచో వర్తకుడు సరకునైనను వెనుకకు అడుగవచ్చును. కూలివాడు తన శ్రమను వెనుకకు తీసికొనలేడు. నెలదినములు ఎత్తిన బరువు ఎత్తినదే. కనుక జీతము అందువరకు అతడు తన యజమానికి అప్పిచ్చినవాడగుచున్నాడు. పత్రము లేదు, వడ్డీ లేదు, ఇచ్చుటకు సమ్మతించినదియు లేదు. ఈలోపల ఇంటిలో బియ్యము నిండుకొనగా వడ్డీవ్యాపారి గడప ఎక్కును. యజమాని చేసిన ఆలస్యమునకు వడ్డీ చెల్లించువాడు చివరకు కూలివాడే! దీనిని అశ్రద్ధయని తేలికగా త్రోసివేయుటకు వీలులేదు.

చిన్న యజమాని మొర కూడ వినవలసినదే. అచ్చుపని చేసిపెట్టిన సంస్థ నెలల తరబడి డబ్బు పంపకున్నచో అతడు మాత్రము ఏమి చేయును? ఇందులకే 2006లో వచ్చిన చట్టము సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు 45 దినములకు మించకుండ సొమ్ము చెల్లింపవలెనని విధించినది. మీరినచో రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకు రేటునకు మూడురెట్ల చక్రవడ్డీ ఈయవలెను. అయినను ఫిర్యాదు చేసినచో మరల పని దొరకదను భయమున పలువురు నోరు విప్పరు. చట్టము వ్రాయుట సులభము, భయమును తీర్చుట కష్టము.

జీతముల విషయమున 1936 నుండియే చట్టము కలదు. 2019 నాటి వేతనముల స్మృతి 2025 నవంబరు 21న అమలునకు వచ్చినది. దాని ప్రకారము నెలజీతము మరుసటి నెల 7వ తేదీ దాటరాదు; దినకూలి పని ముగిసిననాడే ఈయవలెను. పెద్ద సంస్థ అచ్చుయంత్రపు యజమానికి 45 దినములు బాకీపడవచ్చునేమో గాని, ఆ యజమాని కష్టమును చూపి కూలివానిని 45 దినములు ఆగుమనుట చెల్లదు. ఓర్చుకొను శక్తి క్రిందికి దిగినకొలది తగ్గుచుండును. భారము మాత్రము క్రిందికే జారుచున్నది. శక్తి గలవాడు ముందు చెల్లించుట న్యాయము.

చేతిలో నిజముగా చిల్లిగవ్వ లేనివాని మాట వేరు. ముడుపు కట్టగలిగిన గృహస్థుడు ఆ కోవలోనివాడు కాడు. స్వామికి ఋణమనగా తెలియనిది కాదు. కల్యాణమునకై కుబేరునియొద్ద అప్పు చేసి, బ్రహ్మరుద్రులు సాక్షులుగా పత్రము వ్రాసియిచ్చెనని వేంకటాచల మాహాత్మ్యము చెప్పుచున్నది; వడ్డికాసులవాడని భక్తులు ముద్దుగా పిలుచుటయు అందులకే. ఆ నలుగురి జీతము చేతికిచ్చి, మిగిలినదానితో చిన్న ముడుపే కట్టినను స్వామికి లోటేమి? కుబేరుని లెక్క ఎటులును కలియుగాంతము వరకు ఉన్నదే గదా!