ముందు అదేం దగ్గో తేలనీ

అబ్బోడా, నువ్వు దగ్గబట్టి నెల దాటిందంట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సత్యవేడు మెడికల్ షాపులో సిరప్పు అయింది, ఊత్తుకోటలో సూదులు అయినాయి, ఇప్పుడు మద్రాసు పోయి స్కానింగు తీపిచ్చుకుంటానంటాండావంట. అంత దూరం ఎందుకురా, తెమడ పరీక్ష చేపిచ్చినావా?

రెండు వారాలు దాటిన దగ్గుకి మొదట చూడాల్సింది అదే. సర్కారు ఆసుపత్రిలో పైసా అడగరు. పొద్దున్నే నోరు పుక్కిలించి, రొమ్ము లోపల్నుంచి దగ్గి తెమడ తియ్యాల. ఎంగిలి ఉమ్మిస్తే ఏమీ తేలదు. దాంతోపాటు ఎక్స్‌రే. స్కానింగు కావాల్నా వద్దా అనేది ఆ రెండూ చూసి ఊపిరితిత్తుల డాక్టరు చెప్తాడు. పాత చీటీలు, మాత్రల అట్టలు అన్నీ సంచిలో వేసుకుని పో. లీవోఫ్లాక్సాసిన్ లాంటి మాత్రలు టీబీని కొన్నాళ్లు అణిచిపెట్టి పరీక్షకి చిక్కకుండా చేస్తాయి. షాపోడు నీకేం మింగిచ్చినాడో డాక్టరుకి తెలియాల.

టీబీ అనంగానే మొహం మాడ్చుకోవద్దు. మదనపల్లి పక్కన ఆరోగ్యవరం శానిటోరియం 1915లో తెరిచినారు. అప్పుడు మందుల్లేవు, మంచిగాలి, తిండి, పడకే వైద్యం. తర్వాత 1956లో మద్రాసులో ఒక పరిశోధన మొదలుపెట్టి, కొందరు రోగుల్ని శానిటోరియంలో, కొందర్ని ఇండ్లలోనే ఉంచి అవే మందులిచ్చినారు. ఇరుకిండ్లలో, అరకొర తిండితో ఉన్నోళ్లకీ దాదాపు అంత బాగానూ నయమైంది. ఇంట్లోవాళ్లకి అంటుకునేది కూడా జాస్తి కాలేదు. 1959లో ఆ సంగతి అచ్చయింది. ఈపొద్దు ప్రపంచమంతా రోగులు ఇంటికాడుండి మాత్రలు మింగతాండారంటే దాని చలవే. కాబట్టి శ్రీసిటీలో ఉద్యోగం పోతాదని జబ్బు దాచిపెట్టబాక.

మామూలు టీబీకి ఆర్నెల్లు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు. ఒంటేలు ఎర్రగా వస్తే అది రిఫాంపిసిన్ రంగే, బెదరొద్దు. కండ్లు పచ్చబడినా, చూపు మసకేసినా మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి పో. నెల తిరిగేసరికి దగ్గు తగ్గి ఆకలేస్తాది. మనోళ్లు మాత్రలు మానేసేది సరిగ్గా అప్పుడే, కొంప మునిగేదీ అక్కడే. తిండికని సర్కారు నెలకి 1000 రూపాయలు బ్యాంకులో వేస్తాది, మొహమాటపడకుండా తీసుకో. నెత్తురులో చక్కెర కూడా చూపిచ్చుకో.

అసలు టీబీ కాకనూ పోవచ్చు. మీ అమ్మని చూడు, బీడీ ముట్టిందా ఎప్పుడన్నా? అయినా నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కట్టెల పొయ్యి ఊదీ ఊదీ ఆ పొగంతా మింగింది మరి. ఆమెకి ఊదే పరీక్ష చేపిచ్చు, స్పైరోమెట్రీ అంటారు. నిండా ఊపిరి పీల్చి గొట్టంలోకి గట్టిగా ఊదితే, మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందో లెక్క కడతారు. మందు పీల్పిచ్చి, పావుగంటాగి మళ్లీ ఊదిస్తారు. లెక్క బాగా పెరిగితే ఉబ్బసమేమో అని చూస్తారు, పెరక్కపోతే పొగకి చెడిన ఊపిరి గొట్టాలేమో అని. ఇన్‌హేలర్ రాసిస్తే అలవాటు పడిపోతానని మొండికేస్తాది, నాకు తెలుసు. మాత్రయితే ఒళ్లంతా తిరగాల. దీంట్లో కొంచెం మందే నేరుగా ఊపిరితిత్తులకి పోతాదని చెప్పు. పీల్చినాక నోరు పుక్కిలించమను.

తిరుపతి రుయా ఆసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగం ఉండాది. ఈ సోమవారం షిఫ్టు మార్చుకుని ఇద్దరూ పోండి. బస్సు చార్జీలు నేనిస్తా. సిరప్పుకని అడిగితే మాత్రం ఇయ్యను.